పరారుణం నుంచి ఎక్స్‌కిరణాల దాకా: కాంతి అనుస్వరాల చరిత్రలో స్వేచ్ఛా ఎలక్ట్రాన్ లేజర్

ఈ పాఠంలో మీరు రెండు చరిత్రలు చదవబోతున్నారు. మొదటిది కాంతి అనుస్వరాల చరిత్ర. అది 1961లో మొదలైంది. రెండోది స్వేచ్ఛా ఎలక్ట్రాన్ లేజర్ చరిత్ర. అది 1971లో మొదలైంది. నలభై ఏళ్ళకు పైగా ఈ రెండూ పక్కపక్కనే నడిచాయి. ఒకదాని దగ్గర ఉన్నదే రెండోదానికి కావలసింది. అయినా అవి కలవలేదు. ఎందుకు కలవలేదని అడిగితే, అప్పటికి సాంకేతికత ఎదగలేదని చాలామంది జవాబిస్తారు. అది సగం జవాబే. మిగతా సగాన్ని వెతకడం ఈ పాఠం ఉద్దేశం.

డిగ్రీలో భౌతికశాస్త్రం తీసుకోనివారు కంగారుపడనక్కరలేదు. గుణకారం, వర్గం చేయడం వస్తే చాలు. కాగితం, పెన్సిలు మాత్రం దగ్గర పెట్టుకోండి. అక్కడక్కడ లెక్క వేయమంటాను.

1. అచ్చులో మాయమైన చుక్క

వీణ తీగను మీటితే మనకు వినిపించేది ఒక్క స్వరం కాదు. మూల పౌనఃపున్యంతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు ఉన్న స్వరాలు కూడా సన్నగా పలుకుతాయి. వీటినే అనుస్వరాలు లేదా హార్మోనిక్స్ అంటాం. కాంతి కూడా తరంగమే కదా, మరి కాంతికి అనుస్వరాలు ఉండవా? ఎర్రటి దీపం ముందు గాజుపలక పెట్టి చూడండి. ఎరుపు ఎరుపుగానే బయటికి వస్తుంది. పరమాణువులో కేంద్రకం ఎలక్ట్రాన్‌ను పట్టి ఉంచే విద్యుత్ క్షేత్రంతో పోలిస్తే దీపపు కాంతి క్షేత్రం లెక్కలోకి రానంత చిన్నది. చిన్న తోపుకు ఎలక్ట్రాన్ తోసినట్టే ఊగుతుంది. తోపు పెద్దదైనప్పుడే ఆ ఊగడం క్రమం తప్పుతుంది. అనుస్వరాలు పుట్టేది ఆ క్రమం తప్పడంలోనే.

అంత పెద్ద తోపు ఇవ్వగల కాంతి 1960 మే 16న దొరికింది. అమెరికాలోని హ్యూస్ పరిశోధనాలయంలో థియోడర్ మైమన్ కెంపు స్ఫటికంతో తొలి లేజర్‌ను వెలిగించారు. దాని తరంగదైర్ఘ్యం 694 నానోమీటర్లు, ముదురు ఎరుపు. మరుసటి ఏడాదే మిషిగన్ విశ్వవిద్యాలయంలో పీటర్ ఫ్రాంకెన్, ఆయన సహచరులు ఆ కాంతిని క్వార్ట్జ్ స్ఫటికంలోకి పంపారు. అవతలి వైపు ఫొటో పలక మీద 694కు సరిగ్గా సగమైన 347 నానోమీటర్ల చోట ఒక చిన్న చుక్క కనిపించింది. అది రెండో అనుస్వరం. ఎరుపులోంచి కంటికి కనపడని అతినీలలోహితం పుట్టింది.

ఫిజికల్ రివ్యూ లెటర్స్ పత్రికలో ఆ ఫలితం అచ్చయింది. బొమ్మలో ఒక బాణం గుర్తు ఉంటుంది గాని, అది చూపించే చోట ఏమీ ఉండదు. అచ్చుకు సిద్ధం చేసేటప్పుడు ఆ చుక్కను ఫొటో మీది మచ్చ అనుకుని చెరిపేశారని భౌతికశాస్త్రవేత్తలు నేటికీ చెప్పుకుంటారు. తరగతిలో నేను ఈ సంగతి చెప్పినప్పుడల్లా విద్యార్థులు నవ్వేవారు. నవ్వవలసిన కథే. అయితే చరిత్ర చదివేవారు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఎదురుచూడని చోట కనిపించిన చిన్న గుర్తును మచ్చగా కొట్టిపారేయడం ఈ కథలో ఇంకోసారి కూడా జరగబోతుంది. అప్పుడు చెరిపేది అచ్చు పనివారు కాదు, సిద్ధాంతకారులు.

2. మెట్లు దిగవలసిన చోట పీఠభూమి

రెండో అనుస్వరం దొరికాక మూడోది, అయిదోది వెతకడం మొదలైంది. అప్పటి సిద్ధాంతం చెప్పింది ఇది: పై అనుస్వరానికి వెళ్ళేకొద్దీ కాంతి బాగా పడిపోతుంది. మెట్లు దిగినట్టు ఒకదాని కంటే మరొకటి ఎన్నో రెట్లు మందగించాలి. పదో మెట్టు దాటాక కొలవడానికి ఏమీ మిగలదు. ఆ లెక్క ప్రకారం, పొట్టి తరంగదైర్ఘ్యం కావాలంటే పొట్టి తరంగంతోనే మొదలుపెట్టాలి. దిగవలసిన మెట్లు తగ్గుతాయి కదా.

షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ రోడ్స్ బృందం ఆ దారిలోనే నడిచింది. 248 నానోమీటర్ల అతినీలలోహిత లేజర్‌ను నియాన్ వాయువులోకి గురిపెట్టి, 1987లో 17వ అనుస్వరం దాకా చూశారు. అంటే సుమారు 14.6 నానోమీటర్లు. అది అప్పటికి గొప్ప ఫలితం.

సరిగ్గా ఆ కాలంలోనే ఫ్రాన్స్‌లో పారిస్‌కు దక్షిణాన ఉన్న సక్లే పరిశోధన కేంద్రంలో ఆన్ లూయిలియే, ఆమె సహచరులు ఇంకో రకం లేజర్‌తో పని చేస్తున్నారు. వాళ్ళది 1064 నానోమీటర్ల పరారుణ కాంతి. పొట్టి తరంగాలు కావలసినవారు ఎవరూ ఎంచుకోని రంగు. నిజానికి వాళ్ళు చూడబోయింది వాయువులోంచి వచ్చే ఫ్లోరెసెన్స్ కాంతిని. వర్ణపటంలో కనిపించింది మాత్రం అనుస్వరాల వరస. అది కూడా మెట్లలా దిగిపోలేదు. మొదటి కొన్ని అనుస్వరాల తరువాత దిగడం ఆగిపోయి, దాదాపు ఒకే ఎత్తున చాలా దూరం సాగి, ఒక్కసారిగా తెగిపోయింది. ఆర్గాన్‌లో 33వ అనుస్వరం దాకా కనిపించింది. ఈ ఫలితాలు 1988లో అచ్చయ్యాయి. ఆ చదునైన భాగానికి పీఠభూమి అని, అది తెగిపోయే చోటుకు కటాఫ్ అని పేర్లు స్థిరపడ్డాయి.

33వ అనుస్వరమంటే 32 నానోమీటర్లు. షికాగోవారు చేరిన 14.6 కంటే ఇది పొడవైనదే. పొట్టి తరంగదైర్ఘ్యమే పందెమైతే షికాగోనే గెలిచింది. సక్లే ఫలితం విలువ వేరే చోట ఉంది. పరారుణంతో మొదలుపెడితే వరస ఎక్కువ దూరం సాగుతుందన్న తొలి సూచన అందులో ఉంది. ఆ సూచనను పూర్తిగా చదవడానికి మరో పాతికేళ్ళు పట్టింది.

3. ఉయ్యాల లెక్క

పీఠభూమి ఎందుకు వస్తుందో 1993లో తేలింది. కెనడా జాతీయ పరిశోధన మండలిలో పాల్ కోర్కమ్, అమెరికాలోని లివర్‌మోర్‌లో కెన్నెత్ కులాండర్ బృందం విడివిడిగా ఒకే బొమ్మ గీశారు. సోవియట్ శాస్త్రవేత్త కుచియేవ్ 1987లోనే ఇలాంటి ఆలోచనను ప్రకటించారు గాని, పశ్చిమ దేశాల్లో అది చాలాకాలం ఎవరి కంటా పడలేదు.

బొమ్మలో మూడు ఘట్టాలు. మొదట, లేజర్ కాంతిలోని విద్యుత్ క్షేత్రం పరమాణువును ఒక పక్కకు వంచుతుంది. ఎలక్ట్రాన్ కేంద్రకం పట్టులోంచి జారి బయటపడుతుంది. రెండో ఘట్టంలో అదే క్షేత్రం దాన్ని దూరంగా తోస్తుంది. తరంగం సగం గడిచేసరికి క్షేత్రం దిశ మారుతుంది కనుక, వెళ్ళిన ఎలక్ట్రాన్‌ను వెనక్కి లాగి వేగంగా ఇంటివైపు పంపుతుంది. మూడో ఘట్టంలో ఎలక్ట్రాన్ తన పరమాణువులోనే మళ్ళీ పడి, దారిలో సంపాదించిన శక్తినంతా ఒక్క ఫోటాన్‌గా విడిచిపెడుతుంది. కాంతి ఒక్కో డోలనంలో ఇది రెండుసార్లు, ఎదురెదురు దిశల్లో జరుగుతుంది. అందుకే వాయువుల్లో సాధారణంగా 3, 5, 7 వంటి బేసి అనుస్వరాలే కనిపిస్తాయి.

ఇప్పుడు అసలు విషయం. ఉయ్యాల తోసేటప్పుడు ఒకే బలంతో రెట్టింపు సేపు తోస్తే ఏమవుతుంది? వేగం రెట్టింపవుతుంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలు. కాంతి తీవ్రత మార్చకుండా తరంగదైర్ఘ్యాన్ని రెట్టింపు చేయడమంటే ఎలక్ట్రాన్‌ను రెట్టింపు సేపు తోయడమే. అంటే తిరిగివచ్చే ఎలక్ట్రాన్ శక్తి తరంగదైర్ఘ్యపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పొట్టి తరంగం కావాలంటే పొడవైన తరంగంతో మొదలుపెట్టాలి! అంతకుముందు పాతికేళ్ళుగా అందరూ నమ్మినదానికి ఇది పూర్తిగా తలకిందులు.

లెక్క చేసి చూడండి. చదరపు సెంటీమీటరుకు 10¹⁴ వాట్లు, అంటే కోటి కోట్ల వాట్ల తీవ్రత తీసుకుందాం. తరంగదైర్ఘ్యాన్ని మైక్రాన్లలో రాసి, వర్గం చేసి, 9.3తో గుణించండి. ఎలక్ట్రాన్ ఊగిసలాటలో దాని సగటు శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. దాన్ని 3.17తో గుణించి, పరమాణువు అయనీకరణ శక్తిని కలపండి. కటాఫ్ అదే. ప్రయోగశాలల్లో మామూలుగా వాడే 0.8 మైక్రాన్ల లేజర్, ఆర్గాన్ వాయువు అనుకుందాం. 0.8 వర్గం 0.64. దాన్ని 9.3తో గుణిస్తే సుమారు 6. మూడుం పావు కంటే కొంచెం తక్కువతో గుణిస్తే 19. ఆర్గాన్ అయనీకరణ శక్తి 15.8. మొత్తం 35 ఎలక్ట్రాన్ వోల్టులు. ఈ లేజర్ ఫోటాన్ శక్తి 1.55 కనుక 21వ అనుస్వరం దాకా వస్తుంది.

ఇప్పుడు అదే తీవ్రతతో 10 మైక్రాన్ల పరారుణ కాంతి తీసుకోండి. 10 వర్గం 100. 9.3తో గుణిస్తే 930. 3.17తో గుణిస్తే దాదాపు 2950. హీలియం అయనీకరణ శక్తి 24.6 కలిపినా కలపకపోయినా పెద్ద తేడా లేదు. మూడు వేల ఎలక్ట్రాన్ వోల్టులకు చేరిపోయాం. ఇవి ఎక్స్‌కిరణాలు. మొదలుపెట్టినది వేడి వస్తువుల నుంచి వచ్చే కిరణాల వంటి పరారుణంతో అన్న సంగతి మరిచిపోకండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఇదే తీవ్రత దగ్గర 4 మైక్రాన్ల కాంతికి, హీలియంలో కటాఫ్ ఎంత? (జవాబు సుమారు 500 ఎలక్ట్రాన్ వోల్టులు రావాలి. రాకపోతే వర్గం చేయడం మరిచిపోయారేమో చూడండి.)

4. పొడవు తరంగానికి చెల్లించే వెల

లెక్క ఇంత తేలికగా ఉంటే 1993 తరువాత అందరూ పరారుణం వైపు పరుగెత్తి ఉండాలి. కొందరు కదిలారు. 2001లో కేన్సస్‌లో బింగ్ షాన్, జెంగ్హూ చాంగ్ 1.5 మైక్రాన్ల కాంతితో కటాఫ్ ముందుకు జరుగుతుందని ప్రయోగంలో చూపించారు. అదే ఏడాది మరో పెద్ద ఫలితం వచ్చి అందరి చూపునూ తనవైపు తిప్పుకుంది. అనుస్వరాల వరసలోంచి ఆటోసెకండ్ల కాంతి స్పందనలు వస్తాయని పియేర్ అగోస్టిని బృందం, ఫెరెన్స్ క్రౌస్ బృందం కొలిచి నిరూపించాయి. ఆటోసెకండు అంటే సెకనులో 10¹⁸వ వంతు. లూయిలియేతోపాటు వీరిద్దరికీ 2023లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పని చాలావరకు 0.8 మైక్రాన్ల లేజర్లతోనే సాగింది. చేతిలో మంచి పనిముట్టు ఉన్నప్పుడు దాన్ని వదిలి వేరేది వెతకడానికి ఎవరికీ మనసొప్పదు.

దానికి తోడు, పొడవైన తరంగానికి ఒక వెల ఉంది. ఎలక్ట్రాన్ ఎక్కువ దూరం వెళ్ళి ఎక్కువసేపు తిరిగితే, క్వాంటం సిద్ధాంతం ప్రకారం దాని తరంగం నలువైపులా పరుచుకుపోతుంది. ఇల్లు వదిలి దూరం వెళ్ళినకొద్దీ గుమ్మం గురి తప్పే అవకాశం ఎక్కువ. తన పరమాణువును కచ్చితంగా తాకేవి తగ్గిపోతాయి. 2007లో వచ్చిన లెక్కల ప్రకారం, ఒక్కో పరమాణువు ఇచ్చే అనుస్వర కాంతి తరంగదైర్ఘ్యపు అయిదో ఘాతానికీ ఆరో ఘాతానికీ మధ్య తగ్గుతుంది. తరంగదైర్ఘ్యం రెట్టింపైతే కటాఫ్ నాలుగింతలవుతుంది, కాంతి మాత్రం 32 నుంచి 64వ వంతుకు పడిపోతుంది. బేరం గిట్టుబాటు కాదనిపిస్తుంది.

2012లో అమెరికాలోని బౌల్డర్‌లో మార్గరెట్ మర్నేన్, హెన్రీ కాప్టెయిన్ బృందం ఈ బేరాన్ని తిరగరాసింది. 3.9 మైక్రాన్ల లేజర్‌ను అధిక పీడనంలో ఉన్న హీలియంలోకి పంపారు. ఒక్కో పరమాణువు ఇచ్చేది తక్కువే అయినా, కోట్లాది పరమాణువుల కాంతి ఒకే దశలో కలిసేలా పీడనాన్ని అమర్చవచ్చని చూపించారు. 5000వ అనుస్వరానికి మించి, 1600 ఎలక్ట్రాన్ వోల్టుల దాకా చేరారు. సక్లేలో 33, బౌల్డర్‌లో 5000. మధ్య గడిచినవి పాతికేళ్ళు.

ఈ ఎక్స్‌కిరణాలతో ఏం పని అని మీరు అడగవచ్చు. 284 నుంచి 543 ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య నీరు దాదాపు పారదర్శకం, కర్బనం మాత్రం కిరణాలను పీల్చుకుంటుంది. తడిగా ఉన్న కణంలోని ప్రోటీన్‌ను రంగులు వేయకుండా చూడటానికి ఈ కిటికీ ఉపయోగపడుతుంది. ఇంకొంచెం పైన, 700 దాటాక, ఇనుము తన గుర్తు చూపిస్తుంది. కిరణాలు ఆటోసెకండ్ల స్పందనలుగా వస్తే, ఆ పదార్థంలో ఎలక్ట్రాన్ ఎటు కదులుతోందో కూడా పట్టుకోవచ్చు.

బౌల్డర్ ప్రయోగం తరువాత ఒక్క లోటు మిగిలింది. అంత బలమైన పరారుణ స్పందనలు ఇచ్చే లేజర్ సెకనుకు పదుల సంఖ్యలోనే వాటిని ఇచ్చేది. ఒక్కో స్పందన ఇచ్చే ఎక్స్‌కిరణాలు తక్కువ, పైగా స్పందనలూ తక్కువే. సెకనుకు కోటి స్పందనలు, అవీ పరారుణంలో ఏ తరంగదైర్ఘ్యం కావాలంటే ఆ తరంగదైర్ఘ్యంతో ఇవ్వగల యంత్రం ఎక్కడుంది? ఉంది. అది 1977 నుంచీ ఉంది.

5. మేడీ యంత్రం

సాధారణ లేజర్‌లో కాంతి రంగును పరమాణువు నిర్ణయిస్తుంది. కెంపు ఎరుపే ఇస్తుంది, వేరే రంగు ఇమ్మంటే ఇవ్వదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇంకా ముప్పై నిండని జాన్ మేడీ 1971లో అసలు పరమాణువే లేని లేజర్‌ను ప్రతిపాదించారు. ఉత్తర, దక్షిణ ధ్రువాలు ఒకదాని తరువాత ఒకటి వచ్చేలా అయస్కాంతాలను పేర్చి, దాదాపు కాంతి వేగంతో వెళ్ళే ఎలక్ట్రాన్లను వాటి మధ్యగా పంపితే అవి పాములా మెలికలు తిరుగుతూ కాంతిని విడుస్తాయి. ఈ అయస్కాంతాల వరసే అండ్యులేటర్. దాన్ని స్టాన్‌ఫర్డ్‌లోనే హాన్స్ మోట్జ్ 1950ల మొదట్లో చేసి చూపారు. 1960 నాటికి రాబర్ట్ ఫిలిప్స్ ఇదే సూత్రంతో సూక్ష్మతరంగాల గొట్టం ఒకటి తయారుచేశారు. మేడీ కొత్తగా చూపినదేమిటంటే, అండ్యులేటర్‌లో కాంతి కూడా ఉంటే ఎలక్ట్రాన్లు దానికి తమ శక్తిని ఇచ్చి బలపరుస్తాయని, ఈ పద్ధతిని పరారుణం దాకా, ఆ పైకి కూడా తీసుకుపోవచ్చని.

1976లో 24 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లతో 10.6 మైక్రాన్ల కాంతిని బలపరిచారు. 1977లో 43 మిలియన్లతో, రెండు అద్దాల మధ్య, 3.4 మైక్రాన్ల దగ్గర యంత్రం తనంతట తాను వెలిగింది. ఈ అంకె ఎలా వచ్చిందో చూడండి. అయస్కాంతాల ఆవర్తనం 3.2 సెంటీమీటర్లు. 43 మిలియన్ల ఎలక్ట్రాన్ శక్తి దాని విరామ శక్తికి 85 రెట్లు. 85 వర్గాన్ని రెండుతో గుణిస్తే 14,450. 3.2 సెంటీమీటర్లను దాంతో భాగిస్తే 2.2 మైక్రాన్లు. మెలికల వల్ల ఎలక్ట్రాన్ ముందుకు వెళ్ళే వేగం కాస్త తగ్గుతుంది కనుక, ఆ సవరణతో 3.4 వస్తుంది. ఎలక్ట్రాన్ల శక్తిని మారిస్తే రంగు మారుతుంది. అంతకంటే స్వేచ్ఛ ఏం కావాలి?

ఈ యంత్రం తరువాతి జీవితం మాత్రం అంత స్వేచ్ఛగా సాగలేదు. 1983లో అమెరికా అధ్యక్షుడు రీగన్ క్షిపణి రక్షణ కార్యక్రమాన్ని ప్రకటించాక, స్వేచ్ఛా ఎలక్ట్రాన్ లేజర్‌ను ఆయుధంగా మార్చడానికి డబ్బు ప్రవహించింది. ఆయుధానికి కావలసింది సగటు సామర్థ్యం, అంటే ఎన్ని కిలోవాట్లు అన్నది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక ఆయుధం పక్కకుపోయినా కొలబద్ద మిగిలిపోయింది. వర్జీనియాలోని జెఫర్సన్ లాబ్ యంత్రం 1999లో 1.7 కిలోవాట్లు, 2004లో 10 కిలోవాట్లు ఇచ్చినప్పుడు వార్త అయింది ఆ అంకెలే. అదే యంత్రం సెకనుకు ఏడు కోట్లకు పైగా స్పందనలు ఇవ్వగలదన్న సంగతి అనుస్వరాల వారికి ఎంత విలువైనదో చెప్పేవారు లేరు. నా అంచనాలో మన ప్రశ్నకు జవాబులో మిగతా సగం ఇక్కడే ఉంది. రెండు బృందాలూ ఒకే కాంతి గురించి మాట్లాడుతున్నా వాళ్ళ కొలతలు వేరు. ఒకరు కిలోవాట్లు లెక్కపెట్టారు. ఇంకొకరికి కావలసింది ఒక్కో స్పందనలో ఎన్ని డోలనాలు ఉన్నాయన్నది.

6. పొరుగూళ్ళు

పారిస్ దక్షిణాన సక్లే, ఒర్సే పొరుగూళ్ళు. సక్లేలో 1988 నాటికి అనుస్వరాల పీఠభూమి బయటపడింది. ఒర్సేలో 1992లో క్లియో అనే పరారుణ స్వేచ్ఛా ఎలక్ట్రాన్ లేజర్ వెలిగింది. దానికి కాస్త ముందు నెదర్లాండ్స్‌లో ఫెలిక్స్ వెలిగింది. ఈ యంత్రాల మీద ఎంతో మంచి పని జరిగింది. అణువుల కంపనాలు, అర్ధవాహకాలు, పదార్థాల ఉపరితలాలు శోధించారు. వాయువుల్లో ఉన్నత అనుస్వరాలు మాత్రం పుట్టించలేదు.

సాంకేతిక కారణం ఎంత బలమైనదో మీరే తూచండి. ఒక స్పందనలో 50 మైక్రోజౌళ్ళ శక్తి ఉందని, అది ఒక పికోసెకండు ఉంటుందని అనుకోండి. దాన్ని 30 మైక్రాన్ల వ్యాసం ఉన్న చుక్కగా కేంద్రీకరిస్తే చదరపు సెంటీమీటరుకు సుమారు 7×10¹² వాట్లు వస్తాయి. మనకు కావలసిన 10¹⁴తో పోలిస్తే ఇది 7 శాతం. ఎలక్ట్రాన్ పరమాణువును వదిలి బయటికే రాదు. కనుక 1990ల యంత్రాలను అలాగే వాడితే పని జరగదు, నిజమే. స్పందనను పొట్టి చేయాలి. పొట్టి చేసే దారి ఉందా అని అడగడానికి కూడా ఒక సిద్ధాంతం అడ్డొచ్చింది. ముందు చెప్పిన రెండో చెరిపివేత ఇదే.

అండ్యులేటర్‌కు రెండు చివర్లా అద్దాలుంటాయి. కాంతి స్పందన వాటి మధ్య తిరుగుతూ ఉంటుంది. ప్రతిసారీ కొత్త ఎలక్ట్రాన్ల గుంపు వచ్చి దానితోపాటు అండ్యులేటర్‌లోకి దిగుతుంది. కాంతి కంటే ఎలక్ట్రాన్లు కొంచెం నెమ్మది. అవి కాంతికి శక్తి ఇచ్చేది ముఖ్యంగా అండ్యులేటర్ చివరి భాగంలో. అప్పటికి వెనకబడి ఉంటాయి కనుక స్పందన తోక భాగమే బలపడుతుంది. అద్దాల దూరాన్ని ఎలక్ట్రాన్ల రాకతో సరిగ్గా కలిపితే, ప్రతి చుట్టుకూ స్పందన కొంచెం కొంచెంగా వెనక్కి జారి చివరికి ఎలక్ట్రాన్లకు దూరమై ఆరిపోతుంది. దీనికి బద్ధకపు ప్రభావమని పేరు. విరుగుడుగా అందరూ అద్దాలను కొద్ది మైక్రాన్లు దగ్గరికి జరిపి నడిపేవారు. సరిగ్గా కలిసే చోట అతి బలమైన, అతి పొట్టి స్పందనలు కాసేపు కనిపిస్తాయని తెలుసు. అవి నిలవవు గనుక ఆ చోటు పనికిరాదని పుస్తకాల్లో స్థిరపడింది.

జపాన్‌లోని తొకాయ్‌లో అణుశక్తి పరిశోధన సంస్థ వారి అతివాహక యంత్రం మీద నిషిమోరి, హజిమా, నగాయ్, మినెహారా 2001లో ఆ పనికిరాని చోటనే యంత్రాన్ని నిలిపి చూశారు. 22 మైక్రాన్ల ప్రాంతంలో, అద్దాల దూరం సరిగ్గా కలిసిన చోట, లేజర్ ఆరిపోకుండా నిలకడగా వెలిగింది. స్పందనలో కొద్ది డోలనాలు మాత్రమే ఉన్నాయి. తోక వెనక్కి జారుతున్నా, ముందు భాగంలో ఎలక్ట్రాన్ల సహజమైన రొదలోంచి పుట్టే కాంతి ఎప్పటికప్పుడు కొత్త విత్తనంగా పనిచేస్తోందని తేలింది. పుస్తకాల్లోని లెక్కలు ఆ రొదను వదిలేశాయి.

7. రొద బదులు విత్తనం

ఇంత చేసినా ఒక చిక్కు మిగిలింది. స్పందనలో నాలుగైదు డోలనాలే ఉన్నప్పుడు, దాని శిఖరం కింద తరంగపు ఎత్తు పడిందా, పల్లం పడిందా అన్నది ముఖ్యమవుతుంది. దీన్ని వాహక దశ అంటారు. ఎలక్ట్రాన్ ఎప్పుడు బయటపడాలో, ఎంత వేగంతో తిరిగిరావాలో అదే నిర్ణయిస్తుంది. విత్తనం రొదలోంచి వస్తే ఆ దశ ఒకచోట నిలవదు. ఆటోసెకండు స్పందనలు కూడా ఒక్కోసారి ఒక్కోలా వస్తాయి.

2017లో ర్యోయిచి హజిమా, ర్యోజి నగాయ్ దీనికి ఉపాయం ప్రతిపాదించారు. దశ స్థిరంగా ఉన్న బయటి లేజర్ నుంచి చిన్న స్పందనలను ప్రతి చుట్టుకూ యంత్రంలోకి పంపాలి. అవి రొద కంటే బలంగా ఉంటే చాలు, యంత్రం వాటి దశనే అందుకుని పెంచుతుంది. అలా వచ్చే పరారుణ స్పందనలతో వాయువులో వెయ్యి ఎలక్ట్రాన్ వోల్టులు, అంతకు పైబడిన అనుస్వరాలను సెకనుకు కోటిసార్లు పుట్టించవచ్చని వారి లెక్క. ఇది కంప్యూటర్ అనుకరణల మీద నిలిచిన ప్రతిపాదన. జవాబుపత్రంలో దీన్ని ప్రయోగ ఫలితంగా రాయకండి. రెండు చరిత్రలూ ఒక్క పత్రంలో కలిసింది మాత్రం ఇక్కడే. మేడీ దీన్ని చూడలేదు, ఆయన 2016లో మరణించారు.

అప్పటికే ఎక్స్‌కిరణాల స్వేచ్ఛా ఎలక్ట్రాన్ లేజర్లు ఉన్నాయి కదా, ఇంత తిరుగుడు ఎందుకని అడగవచ్చు. కాలిఫోర్నియాలో 2009లో అలాంటి మొదటి యంత్రం 1.5 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర వెలిగింది. దాని కోసం ఒక కిలోమీటరు పొడవున ఎలక్ట్రాన్లను త్వరణం చెందించాలి. ఐరోపా యంత్రం పొడవు 3.4 కిలోమీటర్లు. అవి ఇచ్చే కాంతి ఎంతో బలమైనది, అనుస్వరాలు దాని దరిదాపులకు రావు. పరారుణ యంత్రం మాత్రం పదుల మీటర్లలో ఒక భవనంలో ఇమిడిపోతుంది. ఒక విశ్వవిద్యాలయం పెట్టుకోగలిగినదానికీ, దేశాలన్నీ కలిసి కట్టవలసినదానికీ ఉన్న తేడా ఇది. ఎవరి విద్యార్థులు ఆ కాంతిని ముట్టుకోగలరన్నది కూడా దాన్ని బట్టే ఉంటుంది.

క్యోటో విశ్వవిద్యాలయం యంత్రం అలాంటిదే. సాధారణంగా అండ్యులేటర్‌లో 50 ఆవర్తనాలుంటే ఎలక్ట్రాన్ల శక్తిలో కాంతిగా మారేది 1 శాతం. హెయిషున్ జెన్ బృందం హజిమాతో కలిసి ఈ యంత్రాన్ని అద్దాలు సరిగ్గా కలిసే చోటికి తెచ్చి, 11.6 మైక్రాన్ల దగ్గర 9.4 శాతం రాబట్టింది. 2020లో అచ్చయిన ఫలితమిది. తరువాత స్పందన నిడివి కూడా కొలిచారు. సుమారు 150 ఫెమ్టోసెకండ్లు, అంటే సుమారు నాలుగు డోలనాలు.

మన దేశంలో ఇండోర్‌లోని రాజా రామన్న సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీలో 12.5 నుంచి 50 మైక్రాన్ల కోసం రూపొందించిన పరారుణ స్వేచ్ఛా ఎలక్ట్రాన్ లేజర్ ఉంది. 2016లో అది తొలిసారి వెలిగింది. దాని ఉద్దేశం అనుస్వరాలు కాదు, పదార్థ పరిశోధన. అయినా పరారుణ కాంతిని ఎలక్ట్రాన్ల నుంచి తీసే విద్య ఇక్కడికీ చేరింది.

చివరగా ఒక లెక్క. ఆరో భాగంలో 50 మైక్రోజౌళ్ళను ఒక పికోసెకండుకు పరిచాం. ఇప్పుడు 100 మైక్రోజౌళ్ళను 150 ఫెమ్టోసెకండ్లలోకి కుదించి, అదే 30 మైక్రాన్ల చుక్క మీద పెట్టండి. తీవ్రత ఎంత వచ్చిందో రాసుకోండి. 10¹⁴కు ఎంత దగ్గరగా ఉందో చూసి, 11.6 మైక్రాన్లకు మూడో భాగంలోని సూత్రంతో కటాఫ్ కట్టండి.